ఫారం 80 రద్దయ్యాక జలాశయాలకు వచ్చేవారి లెక్క ఎవరి దగ్గర దొరుకుతుంది?

నార్మన్‌తీరం
మేము ఉండేది నార్త్ కరొలైనాలో, షార్లెట్‌కు ఉత్తరాన, లేక్ నార్మన్ ఒడ్డున. వేసవి శని, ఆదివారాల్లో మాకు దగ్గరలోని పడవల ర్యాంపు వద్ద పొద్దెక్కేసరికే కార్లు నిలపడానికి చోటు మిగలదు. అక్కడ పార్కింగ్ పెంచాలని కోరుతూ కొందరు ఇరుగుపొరుగువారం కలిసి ఒక వినతిపత్రం తయారుచేస్తున్నాము. ఏటా ఎంతమంది వస్తున్నారో అంకెలు జతచేయమని మాకు చెప్పారు. వెదికితే, జలాశయానికి ఎంతమంది వచ్చారో విద్యుత్ సంస్థలు నింపి పంపే ఫారం 80 అన్న నివేదిక, 2014 సంవత్సరపు వివరాలతో దాఖలైనది దొరికింది కానీ, దాని తరువాత ఏమీ లేదు. ఆరా తీస్తే, జలవిద్యుత్ ప్రాజెక్టులకు లైసెన్సులిచ్చే ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్, అంటే ఫెర్క్, 2018 డిసెంబరులో ఆ ఫారాన్నే ఎత్తివేసిందని తెలిసింది.

మా జలాశయం ఉన్న జలవిద్యుత్ ప్రాజెక్టుకు 2015లో 40 ఏళ్ళ కొత్త లైసెన్సు ఇచ్చారు. అన్నేళ్ళపాటు ప్రజల నదిని వాడుకునే సంస్థ, ఆరేళ్ళకొకసారి "ఇంతమంది వచ్చారు" అని ఒక కాగితం దాఖలు చేయడం అంత భారమా? ఈ రద్దును సమర్థించేవారు ఎవరైనా ఉంటే కారణం వినాలని ఉంది. అంతకంటే ముఖ్యంగా, ఇప్పుడు ఆ లెక్క ఎక్కడ దొరుకుతుందో తెలిసినవారు చెప్పగలరు.

టర్బైన్_తాత
సమర్థించేవాడిని నేనున్నాను. పదవీ విరమణకు ముందు ఒక విద్యుత్ సంస్థలో ఈ ఫారాన్ని స్వయంగా నింపినవాళ్ళలో ఒకడిని కనుక, దాని లోపలి సంగతి కొంత చెబుతాను.

2003, 2009, 2015 సంవత్సరాల్లో ఏప్రిల్ 1వ తేదీ లోపు, అంతకు ముందటి క్యాలెండరు సంవత్సరపు వివరాలతో ఫారం 80 దాఖలు చేయవలసి వచ్చేది. ఒక లైసెన్సు కింద ఎన్ని జలాశయాలుంటే అన్ని ఫారాలు విడివిడిగా పంపాలి. ఏడాది మొత్తం మీద ఎన్ని రిక్రియేషన్ డేలు, రద్దీ ఎక్కువగా ఉండే వారాంతాల్లో సగటు ఎంత, వినోద సౌకర్యాల మీద పెట్టిన ఖర్చెంత, రుసుముల ద్వారా వచ్చిన ఆదాయమెంత అన్నవి ముందు రాయాలి. ఆ తరువాత పడవల ర్యాంపులు, ఈత స్థలాలు, పిక్నిక్ స్థలాలు, గుడారాల స్థలాలు, కాలిబాటలు, ఆనకట్ట దిగువన చేపలు పట్టే చోట్లు ఇలా ఒక పెద్ద పట్టిక ఉంటుంది. ఒక్కొక్క రకం సౌకర్యం తన సామర్థ్యంలో ఎంత శాతం వాడుకలో ఉందో ఆ పట్టికలో చూపాలి.

ఇక్కడే అసలు చిక్కు. ఆ అంకెలు ఎలా సేకరించారో కూడా అదే ఫారంలో శాతాల్లో చెప్పాలి: వాహనాల లెక్కింపు, హాజరు రికార్డులు, సిబ్బంది పరిశీలన, సందర్శకుల సర్వే, చివరగా అంచనా. అన్నీ కలిపి నూరు కావాలి. నేను చూసిన చాలా ఫారాల్లో నూటికి ఎనభై, తొంభై వంతులు ఆ చివరి గడిలోనే ఉండేవి. సెలవుల వారంలో ఎవరో ఒకరు వెళ్ళి కార్లు చూసి, కారుకు ఇద్దరో ముగ్గురో అనుకుని గుణించి రాసిన అంకె మీద నార్మన్‌తీరం గారు పార్కింగ్ కడదామంటే, నాకు భయంగానే ఉంటుంది.

పిక్నిక్_ప్రియ
రిక్రియేషన్ డే అంటే ఒక మనిషి ఒక రోజంతా గడపడమా?

టర్బైన్_తాత
కాదు. ఇరవైనాలుగు గంటల్లో ఏ కొంత సేపైనా వినోదం కోసం ఒక మనిషి వస్తే, అది ఒక రిక్రియేషన్ డే. తెల్లవారుజామునే వచ్చి చీకటి పడేదాకా గాలం వేసుకుని కూర్చున్నా ఒకటే, పులిహోర డబ్బా విప్పి పది నిమిషాల్లో ముగించి వెళ్ళిపోయినా ఒకటే.

పిక్నిక్_ప్రియ
మా బృందంలో పులిహోర పది నిమిషాల్లో ముగిసిన చరిత్ర లేదు. అయినా అర్థమైంది.

పాతకాగితాలు
తాతగారు చెప్పిన లోపాలన్నీ నిజమే. ముగింపుతో మాత్రం ఏకీభవించలేను. శేరు వంకరపోయిందని శేరునే అవతల పారేస్తే, రేపు బియ్యం కొలిచేదెలా? ఫారం 80 విలువ ఒక్కొక్క అంకె కచ్చితత్వంలో లేదు. మెయిన్ రాష్ట్రం నుంచి కాలిఫోర్నియా దాకా ప్రతి లైసెన్సుదారు ఒకే ప్రశ్నలకు, ఒకే నిర్వచనాలతో, ఒకే సంవత్సరానికి సమాధానం చెప్పేవాడు. అందువల్ల ఈ జలాశయంలో ర్యాంపులు నూరు శాతం దాటి వాడుకలో ఉన్నాయని, పక్క జలాశయంలో సగం ఖాళీగా ఉన్నాయని పోల్చి చూడగలిగేవాళ్ళం. ఆ పోలిక ఇప్పుడు సాధ్యం కాదు.

ఇంకొక సంగతి. పద్ధతుల గడిలో "అంచనా" అని తొంభై శాతం రాసి పంపితే కమిషన్ అంగీకరించింది. కనీసం కొంత భాగం నిజంగా లెక్కపెట్టాలని ఒక్క వాక్యం చేర్చి ఉంటే సరిపోయేది. సంస్కరించదగినదాన్ని రద్దు చేశారన్నదే నా ఫిర్యాదు.

టర్బైన్_తాత
ఆ ఒక్క వాక్యానికి అయ్యే ఖర్చు చివరికి ఎవరి కరెంటు బిల్లులో చేరుతుందో కూడా చెప్పండి, పాతకాగితాలు గారూ. ఏటా పట్టుమని వందమంది రాని చిన్న ప్రాజెక్టులకు మినహాయింపు ఉన్న మాట నిజమే కానీ, అంతకు కొంచెం పైన ఉన్న చిన్న యజమాని సంగతేమిటి? ఒక పాత మిల్లు ఆనకట్ట మీద చిన్న టర్బైను పెట్టుకున్నవాడు కూడా పెద్ద సంస్థతో సమానంగా ఆ పట్టికంతా నింపవలసి వచ్చేది.

లైసెన్సు_ఆర్టికల్
వాదన ముందుకు వెళ్ళే ముందు, రద్దయినదేమిటో, మిగిలినదేమిటో విడదీసి చూడడం మంచిది. ఫారం 80 పోయింది కనుక వినోద బాధ్యతలే పోయాయన్న అభిప్రాయం చాలామందిలో కనిపిస్తోంది.

ఫెడరల్ పవర్ యాక్ట్‌లోని 10(ఎ) సెక్షన్‌లో 1935 నుంచే వినోద ప్రయోజనాల ప్రస్తావన ఉంది. 1965లో అప్పటి ఫెడరల్ పవర్ కమిషన్ 313వ నంబరు ఉత్తర్వుతో, లైసెన్సుదారులు ప్రాజెక్టు భూముల మీద, నీటి మీద తగిన సౌకర్యాలు కల్పించాలన్న విధానాన్ని ప్రకటించింది. 1986 సవరణ తరువాత, లైసెన్సు ఇచ్చేటప్పుడు విద్యుత్తుతో పాటు వినోదం, చేపలు, వన్యప్రాణులు, ఇంధన పొదుపు వంటి వాటిని కూడా సమానంగా పరిగణించాలని చట్టమే చెబుతోంది. వీటిలో ఏదీ 2018లో మారలేదు.

2018 మే నెలలో ప్రతిపాదించి, డిసెంబరులో 852వ నంబరు ఉత్తర్వుగా ఖరారు చేసినది రెండు భాగాలు. మొదటిది ఫారం రద్దు. రెండవది, దాదాపు ఎవరూ ప్రస్తావించనిది, ప్రజలకు సమాచారం ఇచ్చే నిబంధనల ఆధునీకరణ. వినోదానికి సంబంధించిన లైసెన్సు షరతులను ప్రజలకు తెలియజేసే బాధ్యత లైసెన్సుదారుదే. వెబ్‌సైటు ఉన్న సంస్థ అందులోనూ ఆ సమాచారం ఉంచాలి. ప్రజలు ప్రవేశించే చోట్ల ప్రాజెక్టు పేరు, నంబరు, యజమాని పేరు, ఫెర్క్ లైసెన్సు ఉన్న విషయం, అనుమతించిన వేళలు తెలిపే బోర్డులు ఉండాలి.

ఇక లెక్కల విషయం. పెద్ద లైసెన్సుల్లో చాలావాటికి కమిషన్ ఆమోదించిన వినోద నిర్వహణ ప్రణాళిక విడిగా ఉంటుంది. పర్యవేక్షణ నివేదిక ఎన్నేళ్ళకొకసారి ఇవ్వాలో అందులోనే రాసి ఉంటుంది. కొన్ని ప్రణాళికల్లో ఆ గడువును ఫారం 80 గడువుతో ముడిపెట్టారు. ఫారం పోయినా, లైసెన్సులో ఉన్న పర్యవేక్షణ బాధ్యత పోదు.

నార్మన్‌తీరం
నాకు కావలసింది ఇదే. అయితే ఆ ప్రణాళికలు ఎక్కడ చూడాలి? బోర్డు మీద ప్రాజెక్టు నంబరు కనిపించింది కానీ దానితో ఏం చేయాలో తోచలేదు.

లైసెన్సు_ఆర్టికల్
ఆ నంబరే తాళంచెవి. ఫెర్క్ వారి ఈ-లైబ్రరీలో డాకెట్ అన్న చోట పి, అడ్డగీత, తరువాత ప్రాజెక్టు నంబరు ఇవ్వండి. మీ లేక్ నార్మన్ విడి ప్రాజెక్టు కాదు. అది కటాబా-వాటరీ ప్రాజెక్టులో భాగం, నంబరు 2232. రెండు కరొలైనాల్లో కలిపి పదకొండు జలాశయాలు ఆ ఒక్క లైసెన్సు కింద ఉన్నాయి. కాబట్టి వచ్చే ఫలితాలు వేలల్లో ఉంటాయి. లేక్ నార్మన్‌ను నింపే ఆనకట్ట పేరు కౌవన్స్ ఫోర్డ్. ఆ పేరు కలిపి వెదికితే కొంత వడకట్టుకోవచ్చు.

లేనియర్_పక్కిల్లు
మేము అట్లాంటా పక్కన ఉంటాము. లేక్ లేనియర్‌కు ఎంతమంది వస్తున్నారో తెలుసుకుందామని ఇదే ఈ-లైబ్రరీలో ఎంతో వెదికాను. ఒక్క కాగితం లేదు. ఇది కూడా రద్దు ప్రభావమేనా?

లైసెన్సు_ఆర్టికల్
కాదు. లేక్ లేనియర్‌కు కారణమైన బ్యూఫర్డ్ ఆనకట్ట ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్‌ది. ఫెడరల్ ప్రభుత్వం స్వయంగా నడిపే ఆనకట్టలకు ఫెర్క్ లైసెన్సు అవసరం లేదు, కనుక ఫారం 80 వాటికి ఏనాడూ వర్తించలేదు. హూవర్, గ్రాండ్ కూలీ, టెనసీ వ్యాలీ అథారిటీ ఆనకట్టలూ అంతే. కోర్ తన సందర్శకుల అంచనాలను తానే ప్రకటిస్తుంది, అక్కడ వెదకండి.

జార్జియాలోనే ఫెర్క్ పరిధిలోని ప్రాజెక్టు చూడాలంటే టలూలా జలపాతాలకు వెళ్ళండి. 1990లలో వచ్చిన కొత్త లైసెన్సు కారణంగానే ఏప్రిల్, నవంబరు నెలల్లో కొన్ని వారాంతాల్లో అక్కడి లోయలోకి పడవల కోసం నీరు వదులుతారు.

పిక్నిక్_ప్రియ
అయితే లేనియర్ ఒడ్డున తెలుగు సంఘాల వనభోజనాలన్నీ సైన్యం లెక్కలో పడుతున్నాయన్నమాట.

తెడ్డు_తిమ్మరుసు
పడవవాళ్ళ వైపు నుంచి ఒక మాట. మసాచుసెట్స్‌లోని డీర్‌ఫీల్డ్ నదిలో, లైసెన్సు షరతుల ప్రకారం ఏటా ఫైఫ్ బ్రూక్ ఆనకట్ట నుంచి 106 రోజులు, మన్రో బ్రిడ్జ్ వద్ద 32 రోజులు నురగలు కక్కుతూ పారే నీటిలో నడిపే పడవల కోసం నీరు వదులుతారు. ఆ రోజులు ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. ఎంతమంది పడవలవాళ్ళు వస్తారు, వారికి ఎంత ప్రవాహం కావాలి అన్న అధ్యయనాలు బల్ల మీద పెట్టి, సంవత్సరాల తరబడి చర్చించి సాధించుకున్నవి. మనుషులు వస్తున్నారని చూపగలిగితేనే నీరు వస్తుంది. అందుకే లెక్క ముఖ్యమన్న పాతకాగితాలు గారి మాట నాకు నచ్చింది.

అయితే ఒక తిరకాసు ఉంది. ఆనకట్ట కింద నది ఎండిపోయి ఉంటే, అక్కడికి వచ్చే పడవలవాళ్ళు సున్నా. నీరు లేదు కాబట్టి మనుషులు లేరు, మనుషులు లేరు కాబట్టి నీరు అక్కరలేదు. ఫారం 80 ఉన్నది చెప్పేదే తప్ప, ఉండగలిగినది చెప్పేది కాదు. టర్బైన్_తాత గారు ఈ వాదన వాడుకోలేదు, ఉచితంగా ఇస్తున్నాను.

టర్బైన్_తాత
కృతజ్ఞతలు. దాచుకుంటాను.

హరిత_ఎస్‌సి
నాది వేరే సమస్య, కానీ దీనికి సంబంధించినదే. సౌత్ కరొలైనాలో ఒక జలాశయం ఒడ్డున, ప్రజలకు తెరిచి ఉన్నదని బోర్డు ఉన్న చోటే, మా అత్తగారు, మామగారు, పిల్లలతో కూర్చుని ఉండగా పక్క ఇంటి యజమాని వచ్చి, ఇది ప్రైవేటు స్థలమని, మీలాంటివాళ్ళు పార్కుకు వెళ్ళాలని అన్నాడు. మేము గొడవ పడకుండా లేచి వచ్చేశాము. మామగారు మాత్రం కారులో దారి పొడవునా, బోర్డు ఉంది కదమ్మా, ఉంది కదమ్మా అంటూనే ఉన్నారు. ఇలాంటప్పుడు ఎవరికి చెప్పాలి?

లైసెన్సు_ఆర్టికల్
మీ మామగారు పట్టుకున్న పాయింటు సరైనది. రెండు విషయాలు చూడాలి.

ఒకటి, ప్రాజెక్టు సరిహద్దు. లైసెన్సుకు జతచేసే పటాల్లో ఆ గీత ఉంటుంది. గీత లోపలి భూములకు, నీటికి సహేతుకమైన మేరకు ప్రజలను ఉచితంగా రానివ్వాలన్నది లైసెన్సుల్లో సాధారణంగా ఉండే షరతు. ఒడ్డున ఇల్లున్నవారికి రేవు కట్టుకోవడానికి అనుమతి ఉండవచ్చు. అంతమాత్రాన ఆ నీటి అంచు వారి సొంతం కాదు. గీత బయట ఉంటే మాత్రం వారి మాటే చెల్లవచ్చు.

రెండు, వినోద సౌకర్యాల గురించిన ఫెర్క్ నిబంధనల్లోని 8.3వ సెక్షన్. జాతి, వర్ణం, మతం, జాతీయ మూలం అన్న భేదం లేకుండా అందరికీ సమానంగా, అడ్డంకి లేకుండా ఆ సౌకర్యాలు వాడుకోనివ్వాలని అది లైసెన్సుదారును ఆదేశిస్తుంది. "మీలాంటివాళ్ళు" అన్న మాట పొరుగువాడి నోట వచ్చింది కానీ, ఆ స్థలాన్ని అందరికీ తెరిచి ఉంచవలసిన బాధ్యత లైసెన్సుదారుది. ముందు ఆ సంస్థ తీరభూముల విభాగానికి తేదీ, స్థలం, బోర్డు ఫోటోతో రాయండి. స్పందన లేకపోతే ప్రాజెక్టు నంబరు వేసి ఫెర్క్‌కు ఫిర్యాదు దాఖలు చేయండి. అది బహిరంగ రికార్డులో చేరుతుంది.

హరిత_ఎస్‌సి
బోర్డు ఫోటో మామగారి ఫోన్లో ఉంది. ఎందుకు తీశారో అప్పుడు అర్థం కాలేదు.

గోదారిగట్టు
నేను రాజమండ్రి నుంచి చదువుతున్నాను. మన దగ్గర ఇటువంటి ఏర్పాటు ఎందుకు లేదన్న ప్రశ్న రాకముందే సమాధానం రాస్తాను. అమెరికాలో ఇదంతా లైసెన్సు అన్న కొక్కేనికి వేలాడుతోంది. మన విద్యుత్ చట్టం, 2003లోని 7వ సెక్షన్ ప్రకారం విద్యుత్ ఉత్పత్తికి లైసెన్సే అవసరం లేదు. జలవిద్యుత్తుకు మాత్రం, నిర్ణీత వ్యయం దాటిన పథకాలకు, 8వ సెక్షన్ కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ సమ్మతి కావాలి. అక్కడ తాగునీరు, సాగునీరు, జలరవాణా, వరద నియంత్రణ, ఇతర ప్రజా ప్రయోజనాలు చూడమన్నారు. వినోదాన్ని పేరు పెట్టి చెప్పలేదు.

పైగా మన ఆనకట్టల మీద అధికారం ముక్కలై ఉంటుంది. నాగార్జునసాగర్‌లో గేట్లు నీటిపారుదల శాఖవి, టర్బైన్లు విద్యుత్ ఉత్పత్తి సంస్థవి, లాంచీలు పర్యాటక శాఖవి, లాంచీ వెళ్ళి ఆగే నాగార్జునకొండ మ్యూజియం పురావస్తు శాఖది. శ్రీశైలం గేట్లు ఎత్తిన రోజు ఎన్ని క్యూసెక్కులు వదిలారో ప్రతి పత్రికలోనూ ఉంటుంది. అది చూడటానికి ఘాట్ రోడ్డు మీద బారులు తీరిన జనం ఎందరో లెక్కపెట్టవలసిన బాధ్యత ఎవరిది?

మౌనపాఠకురాలు
ఇన్నాళ్ళూ చదవడమే తప్ప రాయలేదు. సందర్శకుల లెక్కను పార్కింగ్ విషయంగా చూస్తున్నారు కనుక రాస్తున్నాను. 2014 జూన్ 8న హిమాచల్‌లోని మండీ జిల్లాలో, లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీరు ఒక్కసారిగా పెరిగి, బియాస్ నదిలో రాళ్ళ మీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఆ వయసు పిల్లలున్న ఇళ్ళలో ఆ వారమంతా టీవీ కట్టలేదు. ఆనకట్ట దిగువన ఏ చోట మనుషులు నదిలోకి దిగుతారో, ఏ నెలల్లో ఎక్కువగా వస్తారో నడిపేవారి దగ్గర రాసి ఉంటే, సైరను ఎక్కడ పెట్టాలో, నీరు వదిలే ముందు ఎవరిని పంపి చూడాలో తెలుస్తుంది. అమెరికాలో ఫారం పోయాక ఈ భాగం ఎవరు చూస్తున్నారు?

టర్బైన్_తాత
అమ్మా, ఈ ప్రశ్నకు జవాబు సూటిగా ఇవ్వాలి. ఆ భాగం ఫారం 80 మీద ఎన్నడూ ఆధారపడలేదు. ఆనకట్టల భద్రత నిబంధనలు వేరు. సైరన్లు, హెచ్చరిక దీపాలు, బోర్డులు, పడవలు ఆనకట్ట వైపు రాకుండా తేలే అడ్డుగొలుసులు ఎక్కడెక్కడ ఉండాలో ప్రజా భద్రత ప్రణాళికలో చూపించాలి. ప్రాజెక్టు దగ్గర ఎవరైనా చనిపోయినా, తీవ్రంగా గాయపడినా వెంటనే ఫెర్క్‌కు నివేదించాలి. 2021 చివర సవరించిన నిబంధనల్లో, నీటిలో చిక్కుకున్నవారిని రక్షించిన సంఘటనలను కూడా చేర్చారు. మా కేంద్రంలో టర్బైను తిప్పే ముందు సైరను మోగించి, కెమెరాలో దిగువ ఒడ్డు చూసి, ఆ తరువాతే మీట నొక్కేవాళ్ళం. గాలాలవాళ్ళకు ఆ సైరను ఎంత అలవాటంటే, తాపీగా ఒక చేపను బుట్టలో వేసుకుని మరీ లేచేవారు. వాళ్ళను లేపడానికి మళ్ళీ మోగించేవాళ్ళం.

పాతకాగితాలు
ఆ కెమెరా ఏ ఒడ్డు వైపు తిప్పాలో ఎలా నిర్ణయించారు?

టర్బైన్_తాత
గాలాలవాళ్ళు ఎక్కడ కూర్చుంటారో చూసి.

పాతకాగితాలు
అంటే లెక్కపెట్టి.

టర్బైన్_తాత
చూసి అన్నాను. సరే, ఆనకట్ట దిగువన చేపలు పట్టే చోటు వివరాలు ఫారంలో ఉన్న మాట నిజమే. ఆ ఒక్క వరుస నింపడానికి మాత్రం మేము ఎప్పుడూ అంచనా వాడలేదు; కాపలాదారు రోజూ రాసే పుస్తకం ఉండేది. మిగిలిన వరుసల గురించి నా అభిప్రాయం అదే.

తెడ్డు_తిమ్మరుసు
ఇంతవరకు వచ్చిన ఒప్పందాన్ని కమిషన్‌కు పంపిద్దామా?

నార్మన్‌తీరం
ఈ-లైబ్రరీలో వెదికాను. వినోద ప్రణాళిక దొరికింది, మా ర్యాంపు పేరు కూడా అందులో ఉంది. అయితే మా లైసెన్సు గడువు 2055 దాకా ఉంది. ఇప్పటి ప్రణాళికలో లేని సర్వే కావాలంటే అప్పటిదాకా ఆగవలసిందేనా? అప్పటికి ర్యాంపు దగ్గర చోటు కోసం తిరిగేది నా మనవలు.

లైసెన్సు_ఆర్టికల్
ఆగనక్కరలేదు. లైసెన్సు నడిమధ్యలో కూడా ప్రణాళికను సవరించవచ్చు. అవసరం ఉందని మీరు చూపగలిగితే, లైసెన్సుదారే సవరణ కోరవచ్చు. మీ వినతిపత్రాన్ని కౌంటీకి మాత్రమే కాకుండా ఆ సంస్థకు కూడా పంపండి. పాత 2014 అంకెను అంచనా అని స్పష్టంగా రాస్తూనే జతచేయండి. దానితో పాటు, ఒకే వేళకు, కొన్ని వారాంతాల పాటు, నిండిన స్థలాలు, వెనుదిరిగిన బండ్లు లెక్కపెట్టి పెట్టండి. వచ్చినవారి అంకె కంటే, చోటు లేక వెళ్ళిపోయినవారి అంకె ఎక్కువగా పనిచేస్తుంది. దాన్ని ఫారం 80 ఎన్నడూ అడగలేదు.

వేరే ప్రాజెక్టుల దగ్గర ఉన్నవారికి ఒక సూచన. లైసెన్సు ముగియడానికి ఐదు, ఐదున్నరేళ్ళ ముందు, పునరుద్ధరణ ఉద్దేశాన్ని లైసెన్సుదారు ప్రకటించాలి. ఆ వెంటనే, ఏయే అధ్యయనాలు చేయాలో ప్రజలు రాతపూర్వకంగా కోరే గడువు మొదలవుతుంది. సందర్శకులను నిజంగా నిలబెట్టి అడిగే, పగలూ రాత్రీ లెక్కించే సర్వే జరిగేది ఎక్కువగా అప్పుడే. ఆ గడువు తప్పిపోతే మళ్ళీ అటువంటి అవకాశం ముప్పై, నలభై ఏళ్ళకు గానీ రాదు.

హరిత_ఎస్‌సి
మా జలాశయం లైసెన్సు ఎప్పుడు ముగుస్తుందో చూడటానికి కూడా ఆ నంబరే వాడాలా?

లైసెన్సు_ఆర్టికల్
అవును. బోర్డు ఫోటోలోనే ఉంటుంది, మామగారిని అడగండి.